మీకు తెలుసా? టెర్మినల్ ఎప్పుడు మాట్లాడుతుంది, ఎప్పుడు ఊరుకుంటుంది

లినక్స్‌లో ఫైలు కాపీ చేసే కమాండ్ పేరు సీపీ. పని సవ్యంగా జరిగితే అది ఒక్క మాటా చెప్పదు. ఎంటర్ కొట్టాక కాసేపటికి ప్రాంప్ట్ తిరిగొస్తుంది, అంతే. కాపీ అయిందో లేదో తెలియక కొత్తవాళ్లు అదే కమాండ్‌ను ఇంకోసారి కొడుతుంటారు. ఈ మౌనం టెలిటైప్ కాలం నుంచి వస్తోంది. 1969లో యూనిక్స్ పుట్టినప్పుడు కంప్యూటర్ జవాబు కాగితం మీద అచ్చయి వచ్చేది. ఆ రోజుల్లో బాగా వాడుకలో ఉన్న మోడల్ 33 టెలిటైప్ సెకనుకు 10 అక్షరాలే కొట్టగలిగేది. పని అయిపోయిందని చెప్పే 30 అక్షరాల వాక్యానికి 3 సెకన్లు పోతాయి, కాగితం ఖర్చు అదనం. అందుకే యూనిక్స్ రూపకర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ రాసిన ఈడీ అనే ఎడిటర్ తప్పు జరిగితే ఒక్క ప్రశ్నార్థకం గుర్తు కొట్టి ఊరుకునేది. ఏం తప్పో వాడేవాళ్లే కనిపెట్టుకోవాలి.

కాగితం పోయినా మౌనం మిగలడానికి ఇంకో కారణం ఉంది. 1973లో యూనిక్స్‌కు పైపులు వచ్చాయి. ఒక ప్రోగ్రామ్ రాసినదాన్ని ఇంకో ప్రోగ్రామ్ నేరుగా చదువుకునే ఏర్పాటు అది. పేర్ల జాబితా ఇచ్చే ప్రోగ్రామ్ మొదట్లోనే ‘జాబితా తయారవుతోంది, ఆగండి’ అని రాసిందనుకోండి. దాన్ని అందుకుని వరుసలో పేర్చే ప్రోగ్రామ్ ఆ వాక్యాన్ని కూడా ఒక పేరే అనుకుని అక్షర క్రమంలో ఎక్కడో పెట్టేస్తుంది. మనిషికి ధైర్యం చెప్పే మాట యంత్రానికి చెత్త అయింది. కాబట్టి టెర్మినల్‌లో స్టేటస్ మెసేజ్ రాసే ప్రతి ప్రోగ్రామరూ ముందు తేల్చుకోవాల్సింది, అవతల ఉన్నది మనిషా, ఇంకో ప్రోగ్రామా అని.

◆

ఈ చిక్కుకు విరుగుడు ఎక్కడ దొరికిందో తెలుసా? ఒక ఫొటో టైప్‌సెట్టింగ్ యంత్రం దగ్గర.

1970లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ బృందం తమ పత్రాలను సీఏటీ అనే ఫొటో టైప్‌సెట్టర్ మీద అచ్చుకు సిద్ధం చేసుకునేది. అక్షరాలు ఫొటో కాగితం మీద పడతాయి. ఆ పొడవాటి పట్టీని జాగ్రత్తగా తీసుకెళ్లి, ముక్కుపుటాలదిరే వాసన వేసే డెవలపింగ్ యంత్రంలో పెడితే కొన్ని నిమిషాలకు గానీ అచ్చు పైకి తేలదు. ఒక మధ్యాహ్నం అక్కడ పనిచేసే కొందరికి ఒకే అనుభవం ఎదురైందని ఆ బృందంలోని స్టీవ్ జాన్సన్ తర్వాతి కాలంలో చెప్పారు. ఇంత శ్రమా పడి కాగితం బయటికి తీస్తే దాని మీద వ్యాసం లేదు. ఫలానా ఫైలు తెరవడం కుదరలేదన్న ఒకే ఒక్క లైను, ముచ్చటైన అచ్చు అక్షరాల్లో ఉంది. ప్రోగ్రామ్ తన ఫిర్యాదును కూడా అవుట్‌పుట్‌లోనే రాసింది, అవుట్‌పుట్ మొత్తం అచ్చుకు పోయింది. గొణుగుళ్లు చేరాల్సినవాళ్ల చెవిన పడ్డాయి. రెండు మూడు రోజుల్లోనే స్టాండర్డ్ ఎర్రర్ అనే వేరే దారి పుట్టింది.

అప్పటి నుంచి యూనిక్స్ తరహా సిస్టమ్‌లో ప్రతి ప్రోగ్రామ్‌కూ మూడు దారులు తెరిచి ఉంటాయి. 0 ఇన్‌పుట్‌కు, 1 ఫలితానికి, 2 మనిషికి చెప్పాల్సిన మాటలకు. పేరులో ఎర్రర్ ఉందని ఆ రెండో నంబరు దారి తప్పులకే పరిమితం అనుకోవద్దు. ఎంత శాతం అయింది, ఇంకెంత సేపు పడుతుంది, ఏ ఫైలు మీద పని నడుస్తోంది, ఇవన్నీ వెళ్లాల్సింది అక్కడికే. ఫైళ్లు దింపే కర్ల్ తన డౌన్‌లోడ్ మీటర్‌ను, కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ తన ఆబ్జెక్టుల లెక్కను అటే పంపుతాయి. అందుకే కర్ల్ అవుట్‌పుట్‌ను ఫైలులోకి మళ్లించినా శాతాలు తెర మీదే ఉంటాయి, ఫైలులోకి ఒక్క అంకె కూడా జారదు.

ఈ నియమం వచ్చి యాభై ఏళ్లు అవుతున్నా ‘లోడ్ అవుతోంది’ అన్న మాటను ఫలితం దారిలోనే కక్కే ప్రోగ్రాములు ఇంకా వస్తూనే ఉన్నాయి. నా దృష్టిలో అది చిన్న పొరపాటు కాదు. వాడేవాళ్ల డేటాను పాడు చేయడమే.

◆

ఒకే లైనులో 1 శాతం, 2 శాతం, 3 శాతం అంటూ అంకెలు ఉన్నచోటే మారిపోతుంటాయి కదా. దాని వెనక గ్రాఫిక్స్ ఏమీ లేవు. టెలిటైప్‌లో కొత్త లైనుకు వెళ్లాలంటే రెండు వేర్వేరు కదలికలు కావాలి. అచ్చు కొట్టే భాగం ఎడమ అంచుకు తిరిగి రావడం ఒకటి, కాగితం ఒక వరుస పైకి జరగడం ఇంకొకటి. ఆస్కీ పట్టికలో మొదటిదానికి 13, రెండోదానికి 10 కేటాయించారు. 10 పంపకుండా 13 ఒక్కటే పంపితే కర్సర్ అదే లైను మొదటికి వస్తుంది, తర్వాత రాసేది పాతదాని మీద పడుతుంది. కాగితం మీద అయితే అక్షరం మీద అక్షరం పడి మసిబారిపోతుంది. తెర మీద పాతది పోయి కొత్తది కనిపిస్తుంది. ఇవాళ్టి ప్రోగ్రెస్ బార్‌లలో చాలావాటి కిటుకు ఇంతే.

అయితే ఒక ఉచ్చు ఉంది. 13 పంపితే కర్సర్ వెనక్కి వస్తుందే గానీ లైను చెరిగిపోదు. 100 నుంచి 0 దాకా వెనక్కి లెక్కపెట్టే చిన్న ప్రోగ్రామ్ రాసి చూడండి. ముందు 100 కనబడుతుంది. తర్వాత 99 అని రాస్తే మొదటి రెండు అంకెలే మారతాయి, మూడో గడిలోని పాత సున్నా అలాగే ఉంటుంది. తెర మీద 990. ఆ తర్వాత 980, 970. పది మిగిలినప్పుడు 100 అని ఉంటుంది. తొమ్మిదికి దిగగానే తెర ఏకంగా 900 చూపిస్తుంది. ఇంకొక్కటే మిగిలినప్పుడు మళ్లీ 100. ప్రోగ్రామ్‌లో లెక్క తప్పలేదు, తెర మీద మాత్రం అన్నీ అబద్ధాలే. మందు తేలికే: రాసే ముందు ఎస్కేప్ అక్షరం, దాని పక్కన ఎడమ చదరపు బ్రాకెట్, ఆ పక్కన పెద్ద కే పంపితే కర్సర్ నుంచి లైను చివరిదాకా తుడుచుకుపోతుంది.

ఇలాంటి ఎస్కేప్ సంకేతాలు ఈక్మా 48 ప్రమాణంగా 1976లో వచ్చాయి. వాటిని జనంలోకి తెచ్చింది 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ విడుదల చేసిన వీటీ100 టెర్మినల్. తెరలో కొన్ని వరుసలను మాత్రమే కదిలించి మిగతావాటిని కదలకుండా ఉంచే సంకేతం కూడా దాంట్లో ఉంది. డెబియన్, ఉబుంటుల్లో ఆప్ట్ కమాండ్‌తో ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పై వరుసలన్నీ జరుగుతూ పోతుంటే అట్టడుగున ప్రోగ్రెస్ లైను మాత్రం పాతుకుపోయినట్టు ఉంటుంది చూడండి, అది ఆ సంకేతం చలవే. 1978 నాటి పెట్టె ఎవరి బల్ల మీదా లేకపోయినా దాని భాషను మన ల్యాప్‌టాప్‌లు రోజూ మాట్లాడుతున్నాయి.

◆

సీ నేర్చుకునే విద్యార్థుల్ని తికమక పెట్టే ప్రశ్న ఒకటుంది. ‘పని జరుగుతోంది...’ అని లైను ముగించకుండా ప్రింట్‌ఎఫ్‌తో రాసి, ఐదు సెకన్లు ఆగి, ‘అయింది’ అని రాస్తే, మొదటి ఐదు సెకన్లూ తెర ఖాళీగా ఉండి రెండూ ఒకేసారి ఎందుకు వస్తాయి? ఫలితం దారిలో వెళ్లేది టెర్మినల్‌కు పోతున్నప్పుడు లైను పూర్తయ్యేదాకా బఫర్‌లో ఆగుతుంది. పైపులోకి పోతుంటే బఫర్ నిండేదాకా ఆగుతుంది. స్టాండర్డ్ ఎర్రర్‌కు ఆ నిరీక్షణ లేదు, రాసిన వెంటనే బయటికి వస్తుంది. స్టేటస్ మెసేజ్ దానికే అప్పగించడానికి ఇది ఇంకో మంచి కారణం.

◆

అవతల మనిషి ఉన్నాడో లేదో ప్రోగ్రామ్‌కు తెలిసే మార్గం కూడా ఉంది. ఈజ్ ఎ టీటీవై అనే ఫంక్షన్‌ను అడిగితే ఫలానా దారి టెర్మినల్‌కు చేరుతోందా, ఫైలుకో పైపుకో చేరుతోందా చెప్పేస్తుంది. ఎల్‌ఎస్ కమాండ్ తెర మీద ఫైళ్ల పేర్లను నిలువు వరుసల్లో పేర్చి చూపిస్తుంది, పైపులోకి పంపితే లైనుకు ఒకటి చొప్పున రాస్తుంది. గిట్ కూడా తన స్టాండర్డ్ ఎర్రర్ టెర్మినల్‌కు చేరకపోతే శాతాల లెక్క మానేస్తుంది. ఈ పరీక్ష చేయని ప్రోగ్రామ్ రాత్రిపూట సర్వర్ మీద దానంతట అది నడిచిందంటే, పొద్దున లాగ్ ఫైలు తెరిచేసరికి ఒకే ప్రోగ్రెస్ బార్ వేల ముక్కలుగా కనబడుతుంది. అసలు ఎర్రర్ వాటి మధ్యలో ఎక్కడో.

రంగుల సంగతీ అంతే. 2017 నుంచి నో కలర్ అనే ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒప్పందం వాడుకలో ఉంది. దానికి ఏదో ఒక విలువ ఇచ్చి ఉంటే ప్రోగ్రామ్ రంగులు వేయకూడదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లున్నవాళ్లకు రంగు ఒక్కటే చాలదు కాబట్టి పక్కన మాట కూడా రాయాలి. లినక్స్ బూట్ అయ్యేటప్పుడు బ్రాకెట్లలో ఓకే, ఫెయిల్డ్ అని కనబడేవి ఆ పని సరిగ్గా చేస్తున్నాయి.

◆

ఇప్పుడు డీడీ అనే కమాండ్ సంగతి. పెన్‌డ్రైవ్ మీదికి ఆపరేటింగ్ సిస్టమ్ ఇమేజ్ రాయడానికి చాలామంది దీన్నే వాడతారు. గిగాబైట్లకు గిగాబైట్లు రాస్తూ కూడా పని ముగిసేదాకా నోరు విప్పదు. పక్క టెర్మినల్ నుంచి కిల్ కమాండ్‌తో యూఎస్ఆర్1 అనే సిగ్నల్ పంపితే లినక్స్‌లోని డీడీ అప్పటిదాకా రాసిన లెక్క చెప్పి పని కొనసాగిస్తుంది. అదే అలవాటుతో మ్యాక్ మీద అదే సిగ్నల్ పంపితే డీడీ అక్కడికక్కడే చచ్చిపోతుంది, సగం రాసిన పెన్‌డ్రైవ్ చేతిలో మిగులుతుంది. మ్యాక్‌లోనూ బీఎస్‌డీల్లోనూ కంట్రోల్ టీ నొక్కాలి. టెనెక్స్ అనే పాత సిస్టమ్ కాలం నుంచి వస్తున్న సౌకర్యం అది. నడుస్తున్న పని ఎంతవరకు వచ్చిందని ఒక్క మీటతో అడగవచ్చు. లినక్స్‌లో ఆ సౌకర్యం ఇప్పటికీ లేకపోవడం నిజంగా లోటు. గ్నూ డీడీకి స్టేటస్ ఈక్వల్స్ ప్రోగ్రెస్ అన్న ఆప్షన్ 2015లో గానీ రాలేదు.

ఆ ఆప్షన్ పెట్టినా జాగ్రత్త అవసరం. లినక్స్ రాతలను ముందు ర్యామ్‌లో పోగేసి, డిస్కుకు తీరిగ్గా పంపుతుంది. దాంతో అంకెలు మొదట్లో పరుగులు పెడతాయి. చివరికి రావాల్సిన బైట్లన్నీ రాసినట్టే కనబడుతుంది గానీ ప్రాంప్ట్ రాదు, లేదా ప్రాంప్ట్ వచ్చినా పెన్‌డ్రైవ్ దీపం మిణుకుతూనే ఉంటుంది. అయిపోయిందనుకుని అప్పుడు లాగేస్తే ఆ ఇమేజ్ బూట్ కాదు. కాన్వ్ ఈక్వల్స్ ఎఫ్‌సింక్ అని కలిపి ఇస్తే అంతా పరికరానికి చేరాకే డీడీ సెలవు తీసుకుంటుంది. డీడీ చెప్పిన అంకె అబద్ధం కాదు, కెర్నెల్‌కు అప్పగించిన లెక్క అది. వాడేవాళ్లు అడిగేది మాత్రం పెన్‌డ్రైవ్‌కు చేరిన లెక్క. ఏది కొలుస్తున్నామో చెప్పని శాతం కంటే శాతమే లేకపోవడం నయం.

◆

ఎన్ని సెకన్లు దాటితే మనిషికి కబురు చెప్పాలి? రాబర్ట్ మిల్లర్ 1968లోనే కంప్యూటర్ జవాబు ఆలస్యాల మీద పత్రం రాశారు. సెకనులోపు జవాబొస్తే ఆలోచన తెగదు, పది సెకన్లు దాటితే ధ్యాస వేరే పని మీదికి పోతుంది అన్న లెక్కను తర్వాత జేకబ్ నీల్సన్ అందరికీ తెలిసేలా చేశారు. 1985లో బ్రాడ్ మయర్స్ 48 మంది విద్యార్థుల చేత ప్రోగ్రెస్ బార్ ఉంచీ, లేకుండానూ డేటాబేస్‌లో వెతుకులాట చేయించారు. బార్ ఉంటేనే బాగుందని 86 శాతం మంది అన్నారు.

గిట్ ఇక్కడ చక్కటి పని చేస్తుంది. చాలా పనుల్లో ప్రోగ్రెస్ చూపించే ముందు రెండు సెకన్లు ఆగుతుంది. పని ఆలోపే ముగిస్తే ఏమీ చెప్పదు. కంటికి ఆనకముందే వచ్చిపోయే బార్ వల్ల ఎవరికీ లాభం లేదు.

◆

ప్రోగ్రెస్ బారే పనిని నెమ్మది చేసిన సందర్భం ఉందంటే నమ్ముతారా? 2016 జనవరిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు దింపే ఎన్‌పీఎమ్‌లో బార్‌ను ఆపేస్తే ఇన్‌స్టాలేషన్ బాగా త్వరగా ముగుస్తోందని వాడకందార్లు గమనించారు. కొందరికి సమయం దాదాపు సగానికి దిగింది. లోపల ప్రతి చిన్న కదలికకూ బార్‌ను మళ్లీ గీయడమే కారణం. తర్వాత దాన్ని సరిచేశారు. పైథాన్‌లో అందరూ వాడే టీక్యూడీఎమ్ లైబ్రరీ మామూలుగా సెకనులో పదో వంతుకు ఒక్కసారికి మించి తెరను ముట్టుకోదు. చూసే కంటికి అది చాలు.

◆

సూడో కమాండ్ అడిగే పాస్‌వర్డ్ కొడుతుంటే చాలా సిస్టమ్‌లలో తెర మీద ఏమీ కదలదు. కీబోర్డు పాడైందేమో అని కంగారుపడేవాళ్లు ఎందరో. ఒక్కో అక్షరానికి ఒక్కో నక్షత్రం గుర్తు చూపించే పీడబ్ల్యూ ఫీడ్‌బ్యాక్ అనే ఆప్షన్ అందులో ఉంది. లినక్స్ మింట్, ఎలిమెంటరీ ఓఎస్ దాన్ని ముందే ఆన్ చేసి ఇచ్చేవి. ఆ నక్షత్రాల్ని చూపించి చెరిపే కోడ్‌లో బఫర్ పొంగే లోపం ఉందని, దాంతో మామూలు యూజర్ రూట్ అధికారం దక్కించుకోవచ్చని తేలింది. 2020 జనవరిలో సూడో 1.8.31తో దాన్ని పూడ్చారు. తెర మీద నక్షత్రం పెట్టడం కూడా కోడే. దాన్నీ మిగతా కోడ్ అంత జాగ్రత్తగానే పరీక్షించాలి.

◆

చాలా ప్రోగ్రాముల్లో పని నడుస్తుండగా చిన్న చుక్కల గుంపు గిర్రున తిరుగుతుంటుంది. అవి యూనికోడ్‌లోని బ్రెయిలీ అక్షరాలు. చూపు లేనివాళ్ల లిపిలోని 256 గుర్తుల్లోంచి పదింటిని వరుసగా చూపిస్తే తిరుగుతున్న భ్రమ కలుగుతుంది. చూపున్నవాళ్లకు ముద్దుగా ఉంటుంది. స్క్రీన్ రీడర్ పెట్టుకుని పనిచేసే ప్రోగ్రామర్‌కు మాత్రం మారిన ప్రతిసారీ అర్థంలేని గుర్తు చెవిలో పడుతుంది, అసలు మాట వినిపించదు. 2025లో గిట్‌హబ్ తన కమాండ్‌లైన్ ప్రోగ్రామ్‌లో ఈ తిరుగుడును ఆపి, దాని బదులు ఏం జరుగుతోందో మామూలు మాటల్లో చెప్పే వీలు కల్పించింది. ప్రతి ప్రోగ్రామ్‌కూ అలాంటి వీలు ఉండాలి, అది మొదటి రోజు నుంచే ఉండాలి.

◆

అన్నిటికంటే పొట్టి స్టేటస్ మెసేజ్ కంటికి కనబడనే కనబడదు. ప్రతి కమాండ్ వెళ్తూ వెళ్తూ 0 నుంచి 255 లోపు ఒక అంకె వదిలిపోతుంది. 0 అంటే పని జరిగింది. కమాండ్ దొరక్కపోతే షెల్ ఇచ్చేది 127, కంట్రోల్ సీతో ఆపేస్తే 130. వెతికే కమాండ్ గ్రెప్‌లో 1 అంటే ఎర్రర్ కాదు, వెతికింది దొరకలేదని. ఎర్రర్‌కు 2. స్క్రిప్టులు చూసేది ఈ అంకెనే. అందుకే తెర మీద ‘విఫలమైంది’ అని ఎర్రగా రాసి లోపల 0 ఇచ్చే ప్రోగ్రామ్ చాలా ప్రమాదకరం. దాన్ని నమ్మి తర్వాతి కమాండ్ నడిచిపోతుంది.

◆

ఇక మన తెలుగు. టెర్మినల్ తెర అంటే గళ్ల కాగితం. వీటీ100 మీద అడ్డంగా 80, నిలువుగా 24 గళ్లు. ఒక్కో అక్షరానికి ఒక్కో గడి అన్న లెక్క ఇంగ్లిష్‌కు కుదిరింది. ‘పూర్తయింది’ అన్న మాట తీసుకోండి. చదివేవాళ్లకు అందులో నాలుగు అక్షరాలు: పూ, ర్త, యిం, ది. యూనికోడ్ లెక్కలో పది సంకేతాలు. యూటీఎఫ్ 8 లో ఒక్కోదానికి మూడు చొప్పున ముప్పై బైట్లు. సీ భాషలోని స్ట్రెలెన్‌ను అడిగితే ముప్పై అంటుంది. తెర మీద ఎన్ని గళ్లు పడుతుందంటే ఒక్కో టెర్మినల్‌ది ఒక్కో లెక్క. గుణింతం గుర్తులకు కొన్ని గడి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఒత్తులను సరిగ్గా కూర్చలేక విడగొట్టి చూపించేవీ ఉన్నాయి. గ్రాఫిక్స్ లేని అసలు లినక్స్ కన్సోల్‌కైతే ఫాంట్‌లో 512 గుర్తులకు మించి పట్టవు, తెలుగు లిపికి అక్కడ దారి లేదు.

దీని ఫలితం ప్రోగ్రెస్ లైనులో బయటపడుతుంది. ప్రోగ్రామ్ ముప్పై బైట్లను ముప్పై గళ్లు అనుకుంటే పక్కన బార్‌కు చోటు తగ్గిపోతుంది. తక్కువ గళ్లు అనుకుంటే లైను పొడవు తెర వెడల్పును దాటి రెండో వరుసలోకి జారుతుంది. అప్పుడు 13 (క్యారేజ్ రిటర్న్) పంపితే కర్సర్ ఆ రెండో వరుస మొదటికే వస్తుంది గానీ మొదటి వరుసకు చేరదు. ప్రతి శాతానికీ కొత్త లైను పుట్టి తెరంతా నిండుతుంది.

లినక్స్‌లో తెలుగు లోకేల్ ఉంది, సందేశాలను మన భాషలో చూపించే గెట్‌టెక్స్ట్ ఏర్పాటూ ఉంది. తెలుగులో మెసేజ్‌లు పెట్టాలనుకునే డెవలపర్లు అంకెలను, బార్‌ను లైనుకు ఎడమవైపున పెట్టి తెలుగు మాటను చివరన ఉంచితే, గళ్ల లెక్క ఎలా ఉన్నా అంకెల వరుస చెదరదు. రాసే ప్రతిసారీ ముందు లైను తుడిచి, కుడివైపున కొన్ని గళ్లు ఖాళీగా వదిలితే జారుడు కూడా చాలావరకు ఆగుతుంది.